మోకాలి తొడుగుల డైరీ: ఆదిలాబాద్ చలిలో ఎనిమిది వారాలు

నవంబర్ 23

ఈ ఉదయం బడి ముందు సైకిలు దిగి కుడికాలు నేలకు మోపగానే మోకాలు కొయ్యబారిపోయి, నాలుగడుగులు కుంటితే గాని దారికి రాలేదు. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు మొదలయ్యాయి కాబట్టి మార్చి దాకా నేను ఉదయం ఏడింటికే ఇల్లు కదలాలి. ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్ర వైపు 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని 14 కిలోమీటర్లు వెళ్ళాలి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో చలికాలం ఎలా ఉంటుందో తెలుగు పత్రికలు చదివేవారికి చెప్పనక్కరలేదు. డిసెంబరు వచ్చిందంటే ఆర్లి(టి), సిర్పూర్(యు), గిన్నెధరి పేర్లు రోజూ మొదటి పేజీలో కనిపిస్తాయి. డిసెంబరు నెలాఖరుకు సూర్యోదయం సుమారు ఆరూ ముప్పావుకు జరుగుతుంది. అంటే నేను బయలుదేరే వేళ రోజు మొత్తంలో అతి చల్లని వేళకు దాదాపు సరిపోతుంది.

చేతులకు గ్లౌజులు, చెవులకు మఫ్లరు, ఛాతీకి స్వెటరు ఉన్నాయి. మోకాళ్ళకు మాత్రం పలుచటి ట్రాక్ ప్యాంటు తప్ప మరేమీ లేదు. ఆలోచిస్తే ఇది విచిత్రమే. తొడలో, పిక్కలో కండ ఉంది, అది పనిచేస్తూ వేడి పుట్టించుకుంటుంది. మోకాలిచిప్ప మీద చర్మం, దాని కింద కాస్త పొర, ఆ వెంటనే ఎముక, స్నాయువులు. వేడి పుట్టించేదేదీ అక్కడ లేదు. నిమిషానికి 80 సార్లు తొక్కుతాననుకుంటే 42 నిమిషాల ప్రయాణంలో ఒక్కో మోకాలు 3,360 సార్లు ముడుచుకుని చాచుకుంటుంది. అంత పని చేసే కీలును గాలికి ఎదురుగా, అన్నిటికంటే ముందు నిలబెట్టి, కప్పకుండా వదిలేశాను. ఈ శీతాకాలంలో నా మోకాళ్ళకు నేనే తొడుగులు తయారుచేసుకోవాలని నిర్ణయించుకుని ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

నవంబర్ 26

కొనే వస్తువులతో మొదలుపెట్టాను. మందుల దుకాణంలో దొరికే ఎలాస్టిక్ నీ క్యాప్ తొడుక్కుని రెండు రోజులు వెళ్ళాను. అది మోకాలికి ఆసరా ఇవ్వడానికి తయారైన వస్తువే గాని వెచ్చదనానికి కాదని మొదటి రోజే అర్థమైంది. మోకాలి వెనుక మడతలో గుడ్డ కుప్పపడి నొక్కుకుపోయి, బడికి చేరేసరికి అక్కడ ఎర్రటి గీత పడింది.

రెండో రోజు బయలుదేరే ముందు నొప్పి బామ్ కూడా రాసుకున్నాను. ఇంట్లో కూర్చున్నంతసేపు హాయిగానే ఉంది, రోడ్డెక్కి గాలి తగలగానే మోకాళ్ళ మీద మంచు పెట్టినట్టయింది. ఇందులో వింత లేదు. అందులోని మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని గుర్తించే నాడులను రేపుతుంది. మిరపలోని కారం వేడిని గుర్తించే నాడులను రేపినట్టే ఇదీను. రెంటిలో ఏదీ మోకాలికి నిజమైన వేడి ఇవ్వదు, నిజమైన చలిని ఆపదు.

నవంబర్ 29

పాత వార్తాపత్రికను నాలుగు మడతలు పెట్టి, ప్యాంటు లోపల మోకాళ్ళ ముందు దోపుకుని వెళ్ళాను. కొండలు దిగేటప్పుడు చొక్కాలో కాగితం దోపుకోవడం ఐరోపా సైకిలు పందెగాళ్ళ పాత అలవాటే. మొదటి మూడు కిలోమీటర్లు నిజంగా బాగుంది. ఆ తరువాత కాగితం జారి పిక్క మీదికి వచ్చింది, ప్రతి తొక్కుకూ కరకరమని చప్పుడు చేసింది, బడి దగ్గర సైకిలు దిగుతుంటే జిల్లా పేజీ కాస్తా పాదం మీద పడింది.

అయినా ఈ మూడు కిలోమీటర్లే నాకు అసలు సంగతి నేర్పాయి. కాగితం మందం లేనిది, మెత్తన కానిది, దానిలో వెచ్చదనమేమీ లేదు. అది చేసిందల్లా గాలిని అడ్డుకోవడమే. ఇంటికొచ్చి లెక్క వేశాను. 2001లో కెనడా, అమెరికా వాతావరణ సంస్థలు సవరించుకున్న చలిగాలి సూత్రం ప్రకారం 9 డిగ్రీల గాలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగం కలిస్తే ఒంటికి తెలిసే చలి సుమారు 6 డిగ్రీలు. ఆ సూత్రం ముఖానికి తగిలే గాలిని దృష్టిలో పెట్టుకుని తయారైనది కాబట్టి మోకాలికి అక్షరాలా వర్తించదు. అయినా గాలి లేని ఉదయం కూడా సైకిలు తొక్కేవాడు తన గాలిని తానే పుట్టించుకుంటాడన్న మాట మాత్రం దానివల్ల తేటపడింది. నా పోరాటం చలితో కంటే గాలితో అన్నమాట.

డిసెంబరు 3

మొదటి నమూనా సిద్ధమైంది. పాత స్వెటరు చేతులు రెండూ భుజం దగ్గర కత్తిరించాను. స్వెటరు చేయి ఆకారం కాలికి అతికినట్టు సరిపోతుంది: మణికట్టు దగ్గరి బిగువైన అంచు పిక్కకు, వెడల్పైన చివర తొడకు. ఇంత సులువా అనిపించింది. రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి రెండూ చీలమండల దగ్గర గాజుల్లా కుప్పపడ్డాయి.

పై అంచులో ఎలాస్టిక్ పెట్టి కుట్టించాలని మా వీధి టైలరు దగ్గరికి వెళ్ళాను. ఆయన స్వెటరు చేతులను అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, మోకాళ్ళకు గూడ అంగీ కుట్టించుకుంటరా?” అన్నాడు. “అంగీ కాదన్నా, గాలి తగలకుండ తొడుగు” అన్నాను. కుర్చీలో కూర్చోమని, కాలు ముడిపించి, టేపు పట్టుకున్నాడు. ఆ ఒక్క పని వల్ల నేను చేసిన పొరపాటు బయటపడింది. కాలు చాచినప్పుడు తొడ నడుమ నుంచి పిక్క నడుమ వరకు ముందు వైపు 34 సెంటీమీటర్లు ఉంది. పెడలు పై దశలో ఉన్నట్టు మోకాలు ముడిచినప్పుడు అదే దూరం 40 సెంటీమీటర్లు అయింది. వెనుక వైపు సరిగ్గా దీనికి వ్యతిరేకం, ఉన్న గుడ్డంతా మడతలోకి పోతుంది. ముందు ఆరు సెంటీమీటర్లు చాలనప్పుడు తొడుగు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? పై అంచును కిందికి లాక్కుంటుంది. నిమిషానికి 80 సార్లు కొద్దికొద్దిగా లాగితే జారక ఏమవుతుంది?

“మరి చాపిన కాలుకు కొలత ఎందుకు తీసుకున్నవ్ సార్? సైకిలు మీద కాలు ఎన్నడన్న చాపుతవా?” అని అడిగాడు టైలరు. ఇరవై రెండేళ్ళుగా గణితం చెబుతున్న నా దగ్గర జవాబు లేదు.

డిసెంబరు 8

ముందు వైపు గుడ్డ ఎక్కువగా, వెనుక తక్కువగా ఉండేలా, మోకాలిచిప్పకు పైన ఒకటి, కింద ఒకటి చొప్పున పక్క కుట్టు నుంచి చిన్న కుచ్చులు పెట్టి రెండో నమూనా కుట్టించాను. కాలు చాచి నిలబడితే ముందు భాగం వదులుగా ఉబ్బి వికారంగా కనిపిస్తుంది, సైకిలు ఎక్కగానే సరిపోతుంది. పై అంచుకు అంగుళం వెడల్పు ఎలాస్టిక్ వేశాం. బిగిస్తే తొడ మీద గీత పడుతోంది, వదిలితే జారుతోంది. చివరకు హార్డ్‌వేర్ దుకాణం నుంచి బాత్రూముల్లో వాడే సిలికాన్ ట్యూబు తెచ్చి, ఎలాస్టిక్ లోపలి వైపు అగ్గిపుల్ల మందాన మూడు గీతలు గీసి, ఒక రోజంతా ఆరనిచ్చాను. ఆరేంత వరకు ఇల్లంతా వెనిగర్ వాసన కొట్టింది. ఆ రకం సిలికాన్ ఆరుతున్నప్పుడు అసిటిక్ ఆమ్లం వెలువడుతుంది. ఆరిన తరువాత వాసన పోయింది, ఆ రబ్బరు గీతలు చర్మాన్ని నొక్కకుండానే పట్టుకున్నాయి. జారడం అన్న సమస్య ఆ రోజుతో తొంభై పాళ్ళు తీరింది.

చలి మాత్రం తీరలేదు. స్వెటరు అల్లికలో కన్నాలే ఎక్కువ. ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ కన్నాల్లో నిలిచిన గాలే వెచ్చదనం ఇస్తుంది, రోడ్డు మీద ఆ గాలి నిలవదు.

డిసెంబరు 11

ఊహతో మాట్లాడడం మానుకుని కొలవాలని, తీగ చివర సెన్సరు ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కొన్నాను. ఫ్రిజ్ లోపలి వేడిమి చూసుకోవడానికి వాడే రకం. సెన్సరును మోకాలిచిప్ప పక్కన సన్నని టేపుతో అంటించి, తీగను ప్యాంటు పైకి తీసి, డబ్బాలను హ్యాండిల్‌కు కట్టాను. టేపు కూడా కొంత కప్పుతుంది కాబట్టి ఈ అంకెలను చర్మపు అసలు ఉష్ణోగ్రత అనుకోకూడదు. కుడి ఎడమలను పోల్చడానికి మాత్రం పనికొస్తాయి. అందుకే ఒకే రోజు ఒక కాలికి ఒకటి, రెండో కాలికి ఇంకొకటి తొడిగి, మరునాడు కాళ్ళు మార్చి చూస్తున్నాను.

బయట 9.4 డిగ్రీలు. బయలుదేరినప్పుడు రెండు మోకాళ్ళూ 30 దగ్గర ఉన్నాయి. ఇరవై నిమిషాల తరువాత ఉత్త ట్రాక్ ప్యాంటు వైపు 21.6, స్వెటరు తొడుగు వైపు 24.3. ఇన్ని రోజుల కత్తిరింపుకు, కుట్టుకు లాభం మూడు డిగ్రీల లోపే.

డిసెంబరు 14

చిరిగిన విండ్‌చీటరు నుంచి నైలాన్ గుడ్డ కోసి, మోకాలి ముందు భాగానికి మాత్రం స్వెటరు మీద కుట్టించాను. వెనుక భాగం అల్లిక అల్లికగానే ఉంది, చెమట అటునుంచి పోవాలని. ఫలితం చూసి సంతోషం పట్టలేకపోయాను: బయట 8.8 ఉండగా లోపల 28.9.

ఆ సంతోషం ఎదురుగాలి వీచిన మర్నాడు తగ్గిపోయింది. భోరజ్ దాకా గట్టిగా తొక్కవలసి వచ్చింది, తొడుగు లోపల చెమట పట్టింది, నైలాన్ దాన్ని బయటికి పోనివ్వలేదు. లారీల వరుస కోసం రోడ్డు పక్కన నాలుగు నిమిషాలు ఆగితే అంకె నా కళ్ళముందే 28 నుంచి 24కు పడిపోయింది. తడి గుడ్డ మోకాలికి అంటుకుని ఉండడం కంటే ఉత్త మోకాలే నయమనిపించింది.

లోపల పత్తి అస్తరు వేస్తే చెమట పీలుస్తుంది కదా అని మా ఆవిడ అంది. ఈ రోజుల్లో మార్కెట్ యార్డు బయట పత్తి బండ్లు బారులు తీరి ఉంటాయి, రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు కూడా పత్తి పింజలు వేలాడుతుంటాయి. ఇంత పత్తి పండే ఊళ్ళో ఉండి పత్తి వద్దనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ పత్తి నీటిని పీల్చి తనలో దాచుకుంటుంది, త్వరగా ఆరదు, తడిసిందంటే దాని వెచ్చదనం పోతుంది. పాత బనీను గుడ్డతో ఒక్క రోజు చూసి విప్పేశాను.

డిసెంబరు 17

పత్తి కాకపోతే ఉన్ని. మా వైపు ఉన్ని అంటే గొంగడే. మా తాతలనాటి నల్ల గొంగడి ఒకటి అటక మీద ఉంది, ఒక మూల ఎలుకలు కొట్టాయి. దక్కనీ గొర్రెల ముతక ఉన్నిని వడికి, పోగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద నేసిన గుడ్డ అది. వాన నీరు కూడా చప్పున దిగదు. కత్తెర పట్టుకుని కూర్చున్న నన్ను మా అమ్మ చూసింది. “గొంగడిని గట్ల కోస్తరార? మీ తాత దాన్ని కొప్పెర పెట్టుకోని వానల మంద కాసిండు” అంది. ఎలుకలు కొట్టిన మూల తప్ప మరో వైపు కత్తెర పెట్టనని మాటిచ్చి, ఆ మూల నుంచే రెండు ముక్కలు తీసుకున్నాను.

గాలిని ఆపడంలో గొంగడికి సాటి లేదు. అయితే అది వంగదు. నాలుగో కిలోమీటరుకు దాని ముతక వెంట్రుకలు స్వెటరు అల్లికలోంచి గుచ్చుకోవడం మొదలైంది, తిరిగి వచ్చేసరికి మోకాలిచిప్ప మీద చర్మం కమిలిపోయింది. ఆ ముక్కలు ఇప్పుడు సైకిలు సీటు మీద ఉన్నాయి. మంచు పడ్డ ఉదయాన సీటు తడి తుడవడానికి అంతకంటే మంచి గుడ్డ లేదు.

డిసెంబరు 21

గొంగడి ఓడినా ఒక అనుమానం రేపింది. నేను కోసిన స్వెటరు అసలు ఉన్నిదేనా? తొడుగు అంచు నుంచి దారం లాగి అగ్గిపుల్లతో అంటించాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కమురు వాసన రావాలి, మంట తీయగానే ఆరిపోవాలి, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడి కావాలి. నా దారం కరిగి, నల్లగా పొగలు కక్కి, చివర గట్టి పూసలా గడ్డకట్టింది. ఆక్రిలిక్. ఇన్నాళ్ళూ ఉన్ని గురించి నేను వేసుకున్న లెక్కలన్నీ ప్లాస్టిక్ మీద వేసుకున్నవే.

బీరువా వెతికితే మా నాన్నగారి పాత చేతి అల్లిక స్వెటరు దొరికింది. మోచేతుల దగ్గర చిరిగి, ఎవరూ వేసుకోక పక్కన పడి ఉంది. దారం కాల్చాను, కమురు వాసన వచ్చింది. ఈసారి అమ్మను ముందే అడిగాను. “మీ నాయనది గద, నీ కాళ్ళకు ఉండని” అంది.

డిసెంబరు 28

కొత్త జత వారం పనిచేసింది. నిజమైన ఉన్ని అల్లిక, ముందు నైలాన్. చెమట పట్టినా లోపల చల్లబడడం తగ్గింది. అయితే ముందు భాగంలో తేమ నిలవడం పూర్తిగా పోలేదు.

ఈ మధ్యలో ఒక విషయం ఒప్పుకోవాలి. కుడి మోకాలు వెచ్చగా ఉన్న రోజు కూడా చిప్ప కింద నొప్పి వస్తూనే ఉంది. అనుమానం వచ్చి సీటు ఎత్తు చూశాను. ఎప్పుడో అబ్బాయి కోసం దించిన సీటు దించినట్టే ఉంది. రెండు సెంటీమీటర్లకు పైగా లేపి, మొదటి మూడు కిలోమీటర్లు తేలిక గేరులో తొక్కడం మొదలుపెట్టిన నాలుగు రోజులకు ఆ నొప్పి సగం తగ్గింది. కొయ్యబారడం చలి వల్ల, నొప్పి మాత్రం చాలావరకు సీటు వల్ల. రెంటినీ నెల రోజులుగా చలి ఖాతాలోనే రాస్తూ వచ్చాను.

జనవరి 2

దుర్వార్త అనుకుని రాయడం మొదలుపెడుతున్నాను. నైలాన్ విప్పి ఉతకడానికి వేసిన ఎడమ తొడుగును మా అబ్బాయి తన జీన్సు ప్యాంట్లతో కలిపి మెషిన్‌లో వేడినీళ్ళ మీద పెట్టాడు. బయటికి తీసేసరికి 38 సెంటీమీటర్ల తొడుగు 29 అయి, పిడచలా గట్టిపడింది. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని మళ్ళీ విడిపోవు. ఆక్రిలిక్ అయితే ఇలా జరిగేదే కాదు.

విసురుగా పక్కన పడేయబోతూ, అలవాటుగా నోటికి అడ్డం పెట్టుకుని ఊదాను. అంతకుముందు ఏ గుడ్డ అయినా అలాగే చూస్తూ వచ్చాను. కుడి తొడుగులోంచి ఊపిరి అరచేతికి తగిలింది. కుంచించుకుపోయిన ఎడమదానిలోంచి దాదాపు ఏమీ తగల్లేదు. అల్లిక కన్నాలు మూసుకుపోయాయి. అయినా అది గొంగడిలా బిర్రుగా లేదు, మెత్తగా వంగుతోంది, నైలాన్‌లా ఆవిరిని బంధించే పొర కూడా కాదు. ఆరు వారాలుగా వెతుకుతున్న గుడ్డ మెషిన్‌లోంచి ఊడిపడింది.

జనవరి 5

స్వెటరు వీపు భాగం మిగిలి ఉంది. ఈసారి కావాలనే ముద్దకట్టించాను: చేయి కాలేంత వేడినీళ్ళ బకెట్టు, బట్టల సబ్బు, బండ మీద ఇరవై అయిదు నిమిషాల రుద్దుడు, నడుమ రెండుసార్లు చన్నీళ్ళు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగలేదు. తరువాత ఉన్నట్టుండి అల్లిక గీతలు కనిపించడం మానేశాయి. అక్కడితో ఆపాలి, ఇంకా రుద్దితే అట్టలా అవుతుంది, మొదటి ముక్క అలాగే పాడైంది.

దానిలోంచి 24 సెంటీమీటర్ల పొడవు, 16 వెడల్పు ఉన్న కోడిగుడ్డు ఆకారపు ముక్కలు రెండు కోసి ముందు భాగానికి, స్వెటరు నడుము దగ్గరి సాగే అల్లికను వెనుక భాగానికి ఇచ్చాను. కుట్టు చిప్ప మీద గాని మోకాలి మడతలో గాని పడకుండా రెండు పక్కలకే ఉండాలని చెప్పాను. టైలరు జిగ్‌జాగ్ కుట్టు వేశాడు, మామూలు కుట్టయితే సాగినప్పుడు దారం తెగుతుందని. పిక్క వెనుక పైకి కనబడేలా వెండి రంగు రిఫ్లెక్టర్ పట్టీ అంగుళం వెడల్పున వేయించాను. పొగమంచులో వెనుక వచ్చే లారీ డ్రైవరుకు కదలకుండా ఉండే ఎర్ర బిళ్ళ కంటే కిందికీ పైకీ ఆడే వెలుగు త్వరగా మనిషిగా అర్థమవుతుంది.

జనవరి 9

బయట 7.9. ఇరవై నిమిషాలకు లోపల 28.1, నలభై నిమిషాలకు 28.4. ఎదురుగాలిలో తొక్కి కావాలనే అయిదు నిమిషాలు ఆగాను, 27.2 కంటే తగ్గలేదు. నైలాన్ జత కంటే గరిష్ఠం ఒక డిగ్రీ లోపే తక్కువ, విప్పి చూస్తే చర్మం పొడిగా ఉంది. నాకు ఈ బేరం నచ్చింది. పైగా ఇవి మొత్తం కాలికి వేసుకునే టైట్స్ లాంటివి కావు. సాయంత్రం ఎండలో తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు విప్పనక్కరలేకుండా కిందికి చుట్టి చీలమండల దగ్గర ఉంచుకోవచ్చు, లేదా తీసి జేబులో పెట్టుకోవచ్చు.

టైలరు తన స్కూటరు కోసం ఒక జత అడిగాడు. పాత ఆక్రిలిక్ జతకు ముందు నైలాన్ వేసి ఇచ్చాను. స్కూటరు మీద కూర్చున్నవాడికి చెమట పట్టదు కాబట్టి ఆయనకు అదే మేలు.

జనవరి 18

పుష్య అమావాస్య, కేస్లాపూర్ నాగోబా జాతర. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి గుడిహత్నూర్ మీదుగా వెళ్ళాను. ఒక వైపే ముప్పై కిలోమీటర్లకు పైనే. ఇంత దూరం, ఇంత చీకట్లో ఈ జతతో ఇదే మొదటిసారి. గుడిహత్నూర్ దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు బయట 8.3, లోపల 27.6. గోండుల్లోని మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం ఎన్నో మైళ్ళు కాలినడకన వెళ్ళి తెచ్చి చేసే పూజ అది. వారి ముందు నా మోకాళ్ళ అంకెలు చెప్పుకోవడానికి సిగ్గేసి, గుడి దగ్గర థర్మామీటర్లు విప్పి సంచిలో పెట్టాను.

తిరుగు ప్రయాణంలో తొడుగులు చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి చూస్తే కుడిదాని పై అంచులో సిలికాన్ గీత ఒకటి రెండంగుళాల మేర ఊడి వచ్చింది. ఆ వైపు తొడుగు ప్రయాణం మొత్తంలో రెండు సెంటీమీటర్లు జారింది. పాత గీతను గోటితో గీకి, కొత్తది గీసి, కిటికీలో ఆరబెట్టాను. రేపటికి ఎండదు, సోమవారం నాడు తొడుగులు లేకుండానే వెళ్ళాలి.